రేపటి సంపాదనను ఈ రోజే అమ్ముకోవచ్చా?

 

దివ్యఖుర్ఆన్ లుఖ్మాన్ సూరా చివరి ఆయతులో అల్లాహ్ ఐదు విషయాలను ప్రస్తావించాడు. ప్రళయం ఎప్పుడు వస్తుంది, వర్షం ఎప్పుడు కురుస్తుంది, తల్లి గర్భంలో ఏముంది, మనిషి రేపు ఏమి సంపాదిస్తాడు, ఏ నేల మీద కన్ను మూస్తాడు - ఈ ఐదింటి పూర్తి జ్ఞానం అల్లాహ్ వద్దే ఉందని ఆ ఆయతు భావం. ప్రళయం గురించి, మరణం గురించి మన మసీదుల్లో ప్రసంగాలు చాలా విన్నాం. కాని నాలుగో విషయాన్ని, అంటే రేపటి సంపాదన సంగతిని, గబగబా దాటిపోతాం. ఈ రోజు దాని దగ్గరే కాసేపు ఆగుదాం. ఎందుకంటే అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియని ఆ రేపటి సంపాదనకు ఈ రోజే వెలకట్టి కొనే వ్యాపారం ఒకటి లోకంలో నడుస్తోంది. అందులో అమ్మేవాళ్లు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు.

మనకు క్రికెట్ ఎలాగో అమెరికాలోను, దాని పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్ దేశంలోను బేస్‌బాల్ ఆట అలాంటిది. డొమినికన్ పల్లెల్లో, బస్తీల్లో పిల్లలు చదువు మానేసి ఆటలో దిగుతారు. పదహారేళ్ల వయసులో అమెరికా జట్లు వాళ్లతో ఒప్పందం చేసుకుంటాయి. అక్కడితో గట్టెక్కినట్లు కాదు. పెద్ద జట్టులో చోటు దొరికే దాకా ఏళ్ల తరబడి కింది జట్లలో ఆడాలి. ఆ జట్ల జీతాలు చాలాకాలం ఎంత తక్కువగా ఉండేవంటే, 2023లో ఆటగాళ్ల సంఘం కొత్త ఒప్పందం కుదుర్చుకునే వరకు కొన్ని స్థాయిల్లో ఏడాదికి సుమారు 11,000 డాలర్లే వచ్చేవి. ఆ ఒప్పందంతో అది 26,200 డాలర్లు దాటింది. అమెరికాలో ఇంటి అద్దె, తిండి ఖర్చు తెలిసినవారికి ఆ పాత జీతంతో ఎలా బతకాలో అర్థం కాదు. పైగా ఆ పిల్లల్లో అత్యధికులు పై జట్టు ముఖం చూడకుండానే ఇంటికి తిరిగి వస్తారు.

ఇటువంటి కుర్రాళ్ల వద్దకు డబ్బు సంచితో ఒక కంపెనీ వస్తుంది. దాని పేరు బిగ్ లీగ్ అడ్వాన్స్. ఒకప్పుడు తానే బేస్‌బాల్ ఆడిన మైకేల్ ష్విమర్ అనే ఆయన దాన్ని 2016లో స్థాపించాడు. ఆ కంపెనీ షరతు వినడానికి తేలికగానే ఉంటుంది. 'ఇప్పుడు మేము ఇంత డబ్బు ఇస్తాం. నువ్వు పెద్ద జట్టుకు చేరితే అక్కడ సంపాదించే దానిలో ఇంత శాతం మాది. చేరలేకపోతే పైసా తిరిగి ఇవ్వనక్కరలేదు.' వందల మంది ఆటగాళ్లు ఈ షరతుకు ఒప్పుకున్నారు.

వారిలో ఒకడు ఫెర్నాండో తటీస్ జూనియర్. 2017లో, పద్దెనిమిదేళ్ల వయసులో సంతకం చేశాడు. అతని తండ్రి కూడా పేరున్న ఆటగాడే కాబట్టి పూటగడవని ఇల్లు కాదది. మంచి తిండి, మంచి ఇల్లు, శిక్షకుడు కావాలని ఆ డబ్బు తీసుకున్నాడు. నాలుగేళ్లు తిరగకముందే, 2021 ఫిబ్రవరిలో శాన్ డియాగో జట్టు అతనితో 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2025 జూన్‌లో అతను ఆ కంపెనీ మీద కోర్టుకెక్కాడు. అతని దావా ప్రకారం తాను తీసుకున్నది 20 లక్షల డాలర్లు. తన సంపాదనలో రాసిచ్చింది 10 శాతం. ఆ ఒక్క జట్టు ఒప్పందం మీదే లెక్కవేసినా 3 కోట్ల 40 లక్షల డాలర్లు. తీసుకున్నదానికి పదిహేడు రెట్లు! ఇది లైసెన్సు లేకుండా ఇచ్చిన అప్పు అని అతని వాదన. అప్పు కాదు, పెట్టుబడి అని కంపెనీ వాదన.

అంతకుముందు 2018లో ఫ్రాన్సిస్కో మెహియా అనే మరో డొమినికన్ ఆటగాడు కూడా కోర్టుకు వెళ్లాడు. తీసుకున్నది 3 లక్షల 60 వేల డాలర్లు, రాసిచ్చింది అదే పది శాతం. తల్లి అనారోగ్యం, వైద్యం ఖర్చులు మెడమీద ఉన్న సమయంలో సంతకం చేశానన్నాడు. తర్వాత ఆ దావాను తానే ఉపసంహరించుకున్నాడు. కాబట్టి తప్పు ఎవరిదని మనం తీర్పు చెప్పబోవడం లేదు. కాని తల్లి జబ్బు అనే మాట దగ్గర నా కలం కాసేపు ఆగింది. ఆ మాట అర్థం కాని ఇల్లు మనలో ఏదైనా ఉందా?

ఇది ఒక్క బేస్‌బాల్‌కే పరిమితం కాదు. ఫుట్‌బాల్‌లో ఆటగాని బదిలీ ధరలో వాటాలను బయటి పెట్టుబడిదారులు కొనుక్కునే పద్ధతి ఎంతగా పెరిగిందంటే, 2015 మే 1 నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా దాన్ని నిషేధించవలసి వచ్చింది. 2014లో వెర్నాన్ డేవిస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాని సంపాదనలో పది శాతాన్ని 10 డాలర్ల షేర్లుగా చేసి ఫాంటెక్స్ అనే సంస్థ జనానికి అమ్మింది. ఒక మనిషి కాళ్లూ చేతుల మీద షేర్లు!

ఇక షరీఅత్ వైపు చూద్దాం. బేస్‌బాల్ పేరు హదీసు గ్రంథాల్లో ఉండదు. కాని ఈ బేరం మాత్రం మదీనాకు కొత్తది కాదు.

మదీనా ఖర్జూర తోటల పట్టణం. కాయ పక్వానికి రాకముందే అక్కడి జనం పంట అమ్ముకునేవారు. కోత సమయానికి పేచీ మొదలయ్యేది. పూత మాడిపోయిందని ఒకడు, చీడ పట్టిందని ఒకడు, కాయ రాలిపోయిందని మరొకడు గొడవకు దిగేవాడు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఈ తగాదాలను వివరించారు. ఇవి దైవప్రవక్త (స) వద్దకు ఒకదాని వెనుక ఒకటిగా రాసాగాయి. అప్పుడు ఆయన (స) పక్వత కనిపించే వరకు పండ్లను అమ్మవద్దని చెప్పారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో దీని కారణం కూడా ఉంది. అల్లాహ్ ఆ పంటను ఆపివేస్తే, మీలో ఒకడు తన సోదరుని సొమ్మును దేనికి బదులుగా తీసుకుంటాడని ఆయన (స) ప్రశ్నించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం రాబోయే అనేక సంవత్సరాల పంటను ఒకేసారి అమ్మడాన్ని కూడా ఆయన (స) నిషేధించారు.

మామిడి తోటలున్న మన రైతు సోదరులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేసి, చేతికొచ్చిన బయానా ఖర్చయిపోయాక, కాపు విరగకాసినప్పుడు గట్టు మీద నిలబడి చూసే రైతు బాధ వారికి తెలుసు. గాలివానకు పిందె అంతా రాలిపోయాక తల పట్టుకున్న గుత్తేదారునీ చూశారు. ఇద్దరిలో ఒకడు ఏడవక తప్పదు. ధర్మశాస్త్రవేత్తలు 'గరర్' అన్నది దీన్నే. అమ్ముతున్న వస్తువు ఉంటుందో ఉండదో, ఉంటే ఎంత ఉంటుందో తెలియని బేరం.

ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తోట స్థానంలో నిలబెట్టి చూడండి. అతను అమ్మింది ఒక ఏటి కాపు కాదు, పెద్ద జట్టులో తాను ఆడబోయే ఏళ్ల కాపు. అది ఎన్నేళ్లో అతనికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. మోకాలు విరిగితే కంపెనీ సొమ్ము ఏ బదులూ లేకుండా పోతుంది. ఆట పండితే కుర్రాని సొమ్ము పదిహేడు రెట్లు పోతుంది. దేనికి బదులుగా తీసుకుంటారన్న ప్రవక్త (స) ప్రశ్న ఇక్కడ రెండు వైపులకూ తగులుతుంది.

చదువుకున్న సోదరుడొకరు ఇక్కడ అభ్యంతరం చెప్పవచ్చు. ముందు డబ్బు తీసుకుని తర్వాత సరుకు ఇచ్చే 'సలమ్' బేరాన్ని ప్రవక్త (స) అనుమతించారు కదా అని. నిజమే. ఆయన (స) మదీనాకు వచ్చేసరికి జనం రెండేళ్లు, మూడేళ్ల తర్వాత ఇచ్చే పండ్లకు ముందుగానే సొమ్ము చెల్లిస్తున్నారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు. దాన్ని ఆయన (స) పూర్తిగా ఆపివేయలేదు. కొలత తెలిసి ఉండాలి, తూకం తెలిసి ఉండాలి, గడువు తెలిసి ఉండాలన్నారు. అనుమతిలోనే కంచె ఉంది. ఫలానా రకం ఖర్జూరం, ఇన్ని బస్తాలు, ఫలానా నెలలో. అది ఏ తోట నుంచి వచ్చినా సరే. 'నా తోట మున్ముందు కాసేదంతట్లో పదో వంతు' అనే మాటకు సలమ్‌లో చోటు లేదు. అవసరంలో ఉన్నవాడికి ముందే డబ్బు అందే దారిని షరీఅత్ మూయలేదు. తెలియనిదాన్ని అమ్మే దారిని మూసింది.

ఇంకొక అభ్యంతరం దీనికన్నా బలమైనది. ఇందులో వడ్డీ లేదు కదా, కుర్రాడు ఓడిపోతే కంపెనీయే నష్టపోతుంది కదా, ముజారబా భాగస్వామ్యం కూడా ఇలాంటిదే కదా అని. వడ్డీ అప్పులో అసలు, వడ్డీ ఎలాగైనా కట్టి తీరాలి. ఇక్కడ అలా లేదు. ఆ మేరకు ఇది వడ్డీవ్యాపారి పీడన కాదు. ఈ మాట ఒప్పుకోకపోతే మనం న్యాయం తప్పినవాళ్లమవుతాం. కాని ముజారబాలో పెట్టుబడి ఒక వ్యాపారంలోకి వెళుతుంది. ఆ వ్యాపారంలో వచ్చిన లాభాన్నే ఇద్దరూ పంచుకుంటారు. సాధారణంగా ఎవరు వద్దనుకున్నా లెక్క చూసుకుని విడిపోవచ్చు. ఇక్కడ సొమ్ము తల్లి వైద్యానికో, ఇంటి అద్దెకో వెళ్లింది. వాటా అడుగుతున్నది ఆ సొమ్ము మీద వచ్చిన లాభంలో కాదు, మనిషి కూలిలో. అదీ విడిపోయే దారి లేకుండా. పైగా వంద మందికి డబ్బిచ్చి, వారిలో ఎవరో ఒకడు బంగారు గుడ్డు పెడతాడని, మిగతావారి నష్టమంతా అతని ఒక్కని జీతం నుంచి రాబట్టుకోవచ్చని లెక్క వేయడంలో జూదం వాసన లేదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. దీన్ని ఏ పేరుతో పిలవాలో ముఫ్తీలు తేల్చాలి. వాసన మాత్రం నాకు తగిలింది.

బఖరా సూరాలో అప్పును రాసుకోమని ఆదేశించిన ఆయతును మనం తరచు ప్రస్తావిస్తాం. రాసుకోవాలి, సాక్షులుండాలి అని చెప్పి ఊరుకుంటాం. అందులో ఒక సూక్ష్మం ఉంది. పత్రంలోని మాటలు ఎవరు చెప్పి రాయించాలి? డబ్బిచ్చేవాడు కాదు. ఎవరి మీద బాధ్యత పడుతుందో అతను. అతను అమాయకుడైనా, బలహీనుడైనా, చెప్పి రాయించలేనివాడైనా అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలి. ఈ రోజు జరుగుతున్నదేమిటి? డబ్బిచ్చే కంపెనీ తన వకీళ్లతో పదుల పేజీలు రాయించుకుని వస్తుంది. బాధ్యత మోయవలసిన కుర్రాడు వేలు చూపిన చోటల్లా సంతకం పెడతాడు. అల్లాహ్ నేర్పిన పద్ధతి తలకిందులైంది.

నిసా సూరాలో అనాథల ఆస్తి విషయం వచ్చినప్పుడు, పెళ్లీడు రాగానే అప్పగించమని చెప్పలేదు. వారిని పరీక్షించి చూడాలి, వివేకం కనిపించాకే ఆస్తి అప్పగించాలి. వయసు వేరు, వివేకం వేరు. మన దేశ చట్టం ప్రకారం కూడా 18 ఏళ్లు నిండనివాడు చేసుకున్న ఒప్పందం చెల్లదు. కాని పద్దెనిమిదో పుట్టిన రోజు మరునాడే పెద్ద బుద్ధి వచ్చేస్తుందా? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) పద్నాలుగేళ్ల వయసులో ఉహుద్ యుద్ధానికి సిద్ధపడి వచ్చారు. దైవప్రవక్త (స) అనుమతించలేదు. మరుసటిసారి ఖందఖ్ సమయంలో, పదిహేనేళ్లు వచ్చాక అనుమతించారు. సైన్యానికి మనుషులు ఎంత అవసరమైన సమయమో ఆలోచించండి. అయినా ముచ్చటపడి వచ్చిన పిల్లవాణ్ణి వెనక్కి పంపారు. పిల్లవాని ఉత్సాహాన్ని వాడుకోకుండా, అతన్ని కాపాడిన నాయకుడాయన (స).

మరి చేతిలో చిల్లిగవ్వ లేని యువకుడు తన రాబోయే శ్రమను పణంగా పెట్టి ఆసరా పొందడమే తప్పా? కాదు. ఖసస్ సూరాలో మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం చూడండి. ఈజిప్టు నుంచి ప్రాణాలు దక్కించుకుని మద్‌యన్ చేరారు. ఇల్లు లేదు, తిండి లేదు, తెలిసినవారు లేరు. చెట్టు నీడన కూర్చుని, ప్రభువు ఏ మేలు ప్రసాదించినా దానికి తాను అవసరపరుణ్ణేనని వేడుకున్నారు. అంతకన్నా అవసరంలో ఉన్న యువకుడు ఎవరుంటారు? ఆ సమయంలో ఆ ఊరి వృద్ధుడు ఆయన్ని ఇంటికి పిలిపించాడు. తన కుమార్తెతో వివాహం ప్రతిపాదించాడు. బదులుగా ఎనిమిదేళ్లు తన వద్ద పని చేయాలన్నాడు. పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా ఇష్టమన్నాడు. తాను కష్టపెట్టదలచుకోలేదని కూడా చెప్పాడు.

ఎదుటి యువకుడు బలవంతుడు, నమ్మదగినవాడు అని ఆ వృద్ధునికి తెలుసు. కూతురే చెప్పింది. ఆ అవసరాన్ని ఆసరాగా తీసుకుని ఎంతైనా అడగవచ్చు. 'నీ జీవితకాలపు సంపాదనలో ఇంత' అనవచ్చు. అనలేదు. ఎనిమిది అని అంకె చెప్పాడు. అంకె దాటినదాన్ని మూసా ఇష్టానికి వదిలేశాడు. ఆ యువకుడు తర్వాత ప్రవక్త అయ్యారు. ఆయనకు దక్కినదానిలో ఆ మామగారికి పదో వంతు రాసి లేదు.

కాబట్టి యువకుని శ్రమకు ముందుగా మూల్యం కట్టడం షరీఅత్‌లో ఉంది. ఇంత కాలం, ఇంత పని, ఇంత జీతం అని తెలిసి ఉండాలి. ఒక జట్టు రెండేళ్లకు ఆడించుకుని జీతంలో కొంత ముందే ఇస్తే అభ్యంతరం లేదు. ఎవరైనా అప్పు ఇచ్చి, అంతే మొత్తాన్ని వీలున్నప్పుడు తీసుకుంటే అది ఖర్జె హసనా, గొప్ప పుణ్యం. ప్రతిఫలం ఆశించకుండా ఇస్తే అంతకన్నా మేలు.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకనుకోకండి. 2017 ఐపీఎల్ వేలంలో హైదరాబాద్ ఆటోడ్రైవరు కుమారుడు ముహమ్మద్ సిరాజ్‌ను 2 కోట్ల 60 లక్షల రూపాయలకు తీసుకున్న రోజు నుంచి మన బస్తీల్లో ఎన్ని ఇళ్లలో తల్లిదండ్రులు కొడుకు చేతిలోని బంతిని కొత్త కళ్లతో చూశారో! ఆశపడటం తప్పు కాదు. కాని కిట్టుకు, కోచింగుకు, ప్రయాణాలకు డబ్బు కావాలి. కష్టంలో ఉన్న ఇంటికి 'నేను చూసుకుంటాను, రేపు పెద్దవాడయ్యాక మర్చిపోకండి' అంటూ ఎవరైనా రావచ్చు. మర్చిపోకండి అనే మాట ఎప్పుడు కాగితం మీదికి ఎక్కుతుందో తెలియదు. ఆట ఒక్కటే కాదు. ఉద్యోగం వచ్చాక జీతంలో ఇంత శాతం కట్టాలనే షరతుతో శిక్షణ ఇచ్చే సంస్థలు మన దేశంలోనూ వెలిశాయి. వాటిలో గరిష్ఠ మొత్తం, గడువు ముందే రాసి ఉన్నవి కొంత నయం. అవి లేని కాగితం మీద మీ బిడ్డ చేత సంతకం చేయించకండి. ఇమామ్ సాహెబ్‌కూ, చట్టం తెలిసిన ఒక మనిషికీ చూపించి, రెండు రోజులు ఆగి మాట్లాడండి. తొందరపెట్టేవాణ్ణి ముందుగా అనుమానించండి.

పేష్గీ తీసుకున్న పాపానికి తండ్రి తర్వాత కొడుకు కూడా దొర ఇంట జీతగాడుగా బతికిన కథలు మన తాతలకు తెలుసు. 1976లో ఆ వెట్టి బంధాన్ని చట్టం రద్దు చేసింది. కోట్లు సంపాదించే ఆటగాణ్ణి ఆ జీతగాడితో పోల్చడం అతిశయమే, నేను కాదనను. కాని స్వతంత్రుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ చెప్పినట్లు బుఖారీ హదీసులో ఉంది. మనిషిని పూర్తిగా కొనకపోయినా అతని శ్రమలో ఒక ముక్కను అంతులేకుండా కొనేవాడు ఆ హద్దుకు ఎంత దూరంలో ఉన్నాడో తానే కొలుచుకోవాలి.

ఇప్పటికే సంతకం చేసినవారి మాటేమిటి? అలాంటి సోదరుడు ఒప్పందం చెడ్డదని తెలిసింది కాబట్టి ఎగ్గొడతాననకూడదు. సంపాదనను దాచి లెక్క తప్పు చూపకూడదు. ఒప్పందాలను నెరవేర్చమన్న మాయిదా సూరా మొదటి ఆయతు మన మెడ మీద ఉంది. తీసుకున్న అసలు సొమ్ము ఎదుటివాని హక్కే. మిగతాదాని విషయం ధర్మవేత్తల వద్ద, అవసరమైతే న్యాయస్థానంలో తేల్చుకోవాలి. కూర్చుని మాట్లాడుకుని ఒక తెలిసిన మొత్తానికి, ఒక తెలిసిన గడువుకు మార్చుకోగలిగితే ఇద్దరికీ మంచిది.

ఇక నా అసలు ఫిర్యాదు కంపెనీల మీద కాదు సోదరులారా! మన మీదే. తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ కుర్రాని తలుపు తట్టింది ఎవరు? పొరుగువాడు కాదు, బంధువు కాదు, మసీదు కమిటీ కాదు. మనం ఖాళీగా వదిలిన గడపలోకే అతను వచ్చాడు. మన మహల్లాలో పిల్లవాని రేపటిని ఎవరో కొనుక్కున్నారంటే, ఈ రోజు అతనికి అప్పు పుట్టలేదని అర్థం. పెళ్లి పందిరికి లక్షలు పోసే చేతులు ఖర్జె హసనా నిధికి వెయ్యి రూపాయలు వేయడానికి వెనుకాడతాయి. బైతుల్‌మాల్ పెట్టిన మసీదుల్లో కూడా ఎంత ఇచ్చామనే లెక్క ఉంటుంది గాని, ఎవరు అడగలేక వెనుదిరిగారనే లెక్క ఉండదు.

ప్రవక్త (స) మసీదు చుట్టూ ఉన్న సమాజం ఇలా ఉండేది కాదు. బరీరా (రజి) అనే బానిస స్త్రీ తన యజమానులతో విముక్తి ఒప్పందం రాసుకుంది. తొమ్మిది ఊఖియాలు, ఏడాదికి ఒకటి చొప్పున. అంటే ఆమె ముందున్న తొమ్మిదేళ్ల సంపాదన బందీ అయింది. ఆమె సాయం కోసం హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు వచ్చింది. మొత్తం సొమ్ము ఒకేసారి లెక్కపెట్టి ఇవ్వడానికి తాను సిద్ధమన్నారావిడ. తొమ్మిదేళ్ల బరువును ఒక్క రోజులో దించారు.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సంగతి ఇంకా పెద్దది. ఆయన మదీనాలో ఒక యూదుని వద్ద బానిసగా ఉండేవారు. దైవప్రవక్త (స) మదీనాలోనే ఉన్నా, బద్ర్ యుద్ధం జరిగినా, ఉహుద్ జరిగినా ఆయన ఆ యజమాని పనిలోనే చిక్కుకుని ఉన్నారు. విముక్తి ఒప్పందం రాసుకోమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. యజమాని అడిగింది తక్కువ కాదు. మూడు వందల ఖర్జూరపు మొక్కలు నాటి బతికించాలి, ఆపైన నలభై ఊఖియాల బంగారం. అయినా అందులో అంకె ఉంది, ఆ అంకె దగ్గర ముగింపు ఉంది.

ప్రవక్త (స) సహచరులను చూసి మీ సోదరునికి సాయం చేయమన్నారు. ఒకరు ముప్పై మొక్కలు తెచ్చారు. ఒకరు ఇరవై, ఒకరు పదిహేను, ఒకరు పది. ఎవరి శక్తి కొద్దీ వారు. మూడు వందలు పూర్తయ్యాయి. సల్మాన్ (రజి) గుంతలు తవ్వారు, తోటివారు ఆయనకు తోడుగా తవ్వారు. తర్వాత దైవప్రవక్త (స) స్వయంగా వచ్చి, వారు మొక్కలు అందిస్తూ ఉంటే తన చేతులతో నాటారు. వాటిలో ఒక్కటి కూడా ఎండిపోలేదని సల్మాన్ (రజి) ప్రమాణం చేసి చెప్పారు. బంగారం మిగిలింది. కొన్నాళ్లకు ఒక గని నుంచి కోడిగుడ్డంత బంగారం ప్రవక్త (స) వద్దకు వచ్చింది. సల్మాన్ ఏమయ్యాడని అడిగి పిలిపించి, అది ఆయన చేతిలో పెట్టి బాకీ తీర్చుకోమన్నారు. ఇంత చిన్న ముద్ద అంత బాకీకి ఎక్కడ సరిపోతుందన్నారు సల్మాన్ (రజి). తూచి చూస్తే సరిగ్గా నలభై ఊఖియాలు తూగింది. యజమాని బాకీ తీరింది. ఆ తర్వాత వచ్చిన ఖందఖ్ యుద్ధంలో సల్మాన్ (రజి) స్వతంత్రునిగా పాల్గొన్నారు.